ఒకే ఉత్తరం, ముగ్గురు టీచర్లు

నాకు ముప్పై ఆరేళ్లు. ఈ వయసులో రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతున్నారు. పదకొండేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పని చేసి, ఆ కుర్చీ ఇంకొకరికి అప్పజెప్పి బయటికి వచ్చినవాణ్ణి ఏమనాలో నాకు వేరే మాట తెలియదు.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో, మెట్లెక్కితే మొదటి అంతస్తులో, కాశన్న నడిపే సర్టిఫికెట్ల సెంటర్ ఉంది. ఇక్కడ చదివిన టీచర్లకు బయటి దేశాల్లో పాఠం చెప్పే లైసెన్సు రావడానికి కావాల్సిన కాగితాలు అక్కడ తయారుచేస్తాం. పోయిన నెల నుంచి నా చోట ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటున్నారు. తెలివైనవాళ్లు. "అన్నా, అన్ని విషయాలు ఒక కాగితం మీద రాసియ్యి" అని అడిగారు. నాకు జాబితాలంటే ఇష్టం. రాయడం మొదలుపెడితే నలభై ఒక్క అంశాలు అయ్యాయి. తిరిగి చదివితే వాటిలో సగం వచ్చే ఏడాదికి పనికిరావనిపించింది. వెబ్‌సైట్లు మారతాయి, ఫారాలు మారతాయి. ఆ జాబితా వాళ్ల కంప్యూటర్లో ఉంది. మారనిది వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆ గడిలో ఏం రాయాలి

బి.ఎడ్. చేసిన మనిషి ఆర్మూర్‌లో ఉన్నంతసేపూ టీచరు. విమానం దిగగానే అదే మనిషిని అక్కడి లైసెన్సు బోర్డు "విదేశంలో శిక్షణ పొందిన అభ్యర్థి" అంటుంది. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్నలు అక్కడ అడుగుతారు. దేశాన్ని బట్టి కొంచెం తేడా ఉన్నా, అడిగేవి అయిదు:

ఒకటి, డిగ్రీ, బి.ఎడ్. పట్టాలు, మెమోలు. ఇవి విశ్వవిద్యాలయం నుంచి సీలు వేసిన కవరులో పోవాలి, అభ్యర్థి చేతికి అందకూడదు.
రెండు, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో వివరం.
మూడు, ఇంగ్లీషు పరీక్ష ఫలితం.
నాలుగు, పోలీసు సర్టిఫికెట్.
అయిదు, టీచింగ్ ప్రాక్టీసు ఏ బడిలో, ఎన్ని రోజులు, ఎవరి పర్యవేక్షణలో చేశారో చెప్పే ఉత్తరం. ఇది కూడా కవరులోనే పోవాలి.

ఇవి కాక ఫారంలో ఒక గడి ఉంటుంది: "మీ దేశంలో మీ టీచరు లైసెన్సు నంబరు." మన దగ్గర టీచర్లకు అలాంటి లైసెన్సే లేదు. టెట్ అర్హత పరీక్ష మాత్రమే. ఆర్మూర్ నుంచి వచ్చిన ఒక సోషల్ సారు సొంతంగా ఫారం నింపి పంపి, అది తిరిగొచ్చాక మా దగ్గరికి వచ్చాడు. ఆ గడిలో ఏదో పొడుగు నంబరు ఉంది. ఏమిటని అడిగితే జేబులోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి చూపించాడు. "లైసెన్సు అన్నరు గద సార్, నాకున్నది గిదొక్కటే" అన్నాడు. ఆయన అబద్ధం రాయలేదు, ఉన్నదే రాశాడు. అయినా అయిదు నెలలు పోయాయి. అటువంటి గడిని ఖాళీగా వదిలి, ఎందుకు ఖాళీయో వేరే కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి జతచేయాలి. ఖాళీ గడిని ఏ బోర్డూ తప్పుపట్టడం నేను చూడలేదు.

మొదటి నాలుగు కాగితాలూ ఓపిక ఉంటే వస్తాయి. అసలు పని అయిదోదాంట్లో ఉంది. నేను తప్పు చేసింది కూడా దాంట్లోనే.

కాశన్న పద్ధతి, నా తెలివి

కాశన్న ఒకప్పుడు కోర్టు బయట చెట్టు కింద టైపు మిషను పెట్టుకుని దస్తావేజులు కొట్టేవాడు. ఇంగ్లీషు రాకపోయినా ఇంగ్లీషు కాగితంలో తప్పెక్కడుందో వేలుపెట్టి చూపించగలడు. నాకు పని నేర్పింది ఆయనే. అసలు సర్టిఫికెట్ మన దగ్గర ఒక్కరోజు కూడా ఉంచుకోకూడదు, జిరాక్స్ మీద తేదీ వేయనిదే బయటికి పంపకూడదు, గుమస్తాను పేరుతో పిలవాలి. ఈ మూడూ ఇప్పటికీ సరైనవే.

నాలుగోది కూడా సరైనదనే అనుకున్నాను. ఉత్తరం మనమే టైపు చేసుకుని పోవాలి. "తెల్లకాగితం పట్టుకపోతె చాయ్ తాగిపిచ్చి రేపు రమ్మంటరు. టైపు చేసుకపోతె సంతకం పెట్టి పంపిస్తరు" అనేవాడు కాశన్న. నిజమే. ఏ కాలేజీ ప్రిన్సిపలూ కూర్చుని ఉత్తరం రాయడు. లెటర్‌హెడ్ ఇస్తాడు, మనం నింపుకుని పోతాం, ఆయన చదవకుండా సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, కవరు అంటిస్తాడు.

నేను బి.టెక్. మెకానికల్. ఉద్యోగం దొరికేదాకా అని ఇక్కడ చేరాను. కాశన్న కొట్టే ప్రతి ఉత్తరంలోనూ ఒక కొత్త తప్పు ఉండడం నాకు నచ్చలేదు. ఒకే ఉత్తరం తయారుచేశాను. పద్నాలుగు వరుసలు. పేరు, కాలేజీ, బడి, సబ్జెక్టు మాత్రం ఖాళీలు. వివరాల పట్టికలో పేరు వేస్తే ఉత్తరం దానంతటదే వస్తుంది. చివరి మూడు వరుసల్లో, ఈ అభ్యర్థి నలభై పనిదినాలు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో అంకితభావంతో బోధించారని, తరగతి నిర్వహణలో చక్కని నైపుణ్యం చూపారని ఉండేది. నలభై ఎందుకంటే సిలబస్‌లో అంతే ఉంది, బోర్డు అడిగే కనీస సంఖ్యా అంతే.

మూడేళ్లలో ఒక్క ఉత్తరం కూడా తిరిగి రాలేదు. తిరిగి రాకపోవడమే సరిగా ఉందనడానికి రుజువు అనుకున్నాను. ఏ యంత్రానికైనా గేజీలు చూడాలని నాలుగేళ్లు చదువుకున్నవాణ్ణి, ఇక్కడ గేజీ పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

"నీ పేరు పెడితె నువ్వు గూడ టీచరే"

నస్రీన్ మేడం బోధన్‌లో శక్కర్‌నగర్ ఆవిడ. ఎమ్మెస్సీ లెక్కలు, ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఎడ్. ఆ కాలేజీ తర్వాత మూతపడింది. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల ఒక గల్ఫ్ దేశం వెళ్లి, అక్కడి బడిలో నాలుగేళ్లుగా సహాయ టీచరుగా పనిచేస్తోంది. లైసెన్సు లేకపోతే అంతకంటే పైకి పోనివ్వరు. ఎనిమిదో తరగతి లెక్కలకు చోటు ఖాళీ అవుతోందని, కొత్త విద్యా సంవత్సరానికి లైసెన్సు తెచ్చుకుంటే ఆమెకే ఇస్తామని బడివాళ్లు చెప్పారు. మా దగ్గరికి దరఖాస్తు వచ్చింది. నేను పట్టికలో పేరు వేశాను. పాత ప్రిన్సిపల్ దగ్గర ఇంకా లెటర్‌హెడ్లు ఉన్నాయి. సంతకమూ అయింది, కవరూ పోయింది.

జూలైలో బోర్డు నుంచి మెయిల్ వచ్చింది. మూడు వేర్వేరు కాలేజీల నుంచి ముగ్గురు అభ్యర్థుల కోసం పేర్లు తప్ప అక్షరం తేడా లేని ఉత్తరాలు మాకు అందాయి, కాబట్టి ముగ్గురి దరఖాస్తులూ ఆపుతున్నాం, ముప్పై రోజుల్లో టీచింగ్ ప్రాక్టీసుకు స్వతంత్రమైన ఆధారాలు చూపకపోతే కల్పిత పత్రాలుగా నమోదు చేస్తాం అని రాశారు. అలా నమోదైన పేరుతో మళ్లీ దరఖాస్తు తీసుకోరు.

కాశన్నకు చదివి వినిపించాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టలేదు. "ఏం గాలే. మాటలు జర అటూఇటూ మార్చి ఇంకోటి కొట్టు. ప్రిన్సిపల్ సాబ్ సంతకం పెడతడు."

"ఆయన పెడతడన్నా. వాళ్లు నమ్మాలె గద."

అక్కడ వేసవి సెలవులు కాబట్టి నస్రీన్ మేడం అప్పుడు బోధన్‌లోనే ఉంది. మర్నాడు నేనే వెళ్లాను. తప్పు నాదని మొదటి వాక్యంలోనే చెప్పాను. అది ధైర్యం వల్ల కాదు, వేరే ఏం చెప్పాలో తోచక. ఆమె మెయిల్ రెండుసార్లు చదివి, ఆ ఉత్తరం చూపించమంది. సీలు వేసిన కవరులో పోయింది కనుక తన గురించి ఏం రాశామో ఆమె అంతవరకు చూడలేదు.

నా పద్నాలుగు వరుసలూ నెమ్మదిగా చదివింది. "ఇండ్ల నా పేరు తీసేసి నీ పేరు పెడితె నువ్వు గూడ టీచరే అన్నా" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆమె నవ్వించడానికి అనలేదు.

"నాలుగేండ్ల సంది క్లాసుల చెప్పేది నేను. రిజిస్టర్ల పేరు ఇంకొకలది. సరే, రూలు అట్లుంది అనుకున్న. కని ఇప్పుడు నేను చేసిన పనినే చెయ్యలేదంటున్నరు."

నిజంగా ప్రాక్టీసు చేశారా అని అడిగాను. ఆ ప్రశ్న దరఖాస్తు వచ్చిన రోజే అడగాల్సింది. ఆమె నన్ను ఒక చూపు చూసి, "చందూర్ పోదాం పా" అంది.

గంగారాం సార్

ఆమె ప్రాక్టీసు చేసింది వర్ని వైపు ఒక జిల్లా పరిషత్ బడిలో. అప్పటి హెడ్మాస్టర్ గంగారాం సార్. లెక్కల సారు కూడా ఆయనే, ఆమె పాఠాలు చూసిందీ ఆయనే. రిటైరయి సొంతూరు చందూర్‌లో ఉంటున్నాడు. మేం పోయేసరికి అరుగు మీద కూర్చుని మనవడి సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నాడు. ఆమెను చూసి ఒక్క క్షణం ఆలోచించాడు.

"చెరుకు నస్రీన్ గదా నువ్వు?"

ఆమె తల వంచుకుని నవ్వింది. ఆ కథ సారే చెప్పాడు. తొమ్మిదో తరగతికి స్తూపం ఘనపరిమాణం పాఠం. చార్టు మీద బొమ్మ గీసుకుని వస్తే సరిపోయేది. ఈమె చెరుకు గడ తెచ్చి, ముక్కలు చేయించి, ఒక్కో ముక్కను కొలజాడీ నీళ్లలో ముంచి, నీళ్లు ఎంత పైకి వచ్చాయో చూపించి, తర్వాత సూత్రంతో లెక్క కట్టి చూడమంది. రెండు లెక్కలూ దగ్గరగా వచ్చాయి. మూడో ముక్క ముంచుదామని చూస్తే బల్ల మీద ముక్కల్లేవు. వెనక బెంచీలో కూర్చున్న సారుకు నమిలే చప్పుడు వినిపించింది.

"అటు దిరిగి బోర్డు మీద రాస్తున్నది ఈమె. ఇటు జూస్తె పొట్టు మిగిలింది. నేను రికార్డుల ఎర్రసిరాతోని రాసిన, యాదికుందా?"

"ఉంది సార్" అంది ఆమె.

నా ఉత్తరం చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. "మస్తుగ రాసినవు ఇంజనీరు సాబ్. ఇది చదివితె ఒక పిల్ల మంచిగ చెప్పిందని తెలుస్తది. ఏ పిల్లనో తెల్వదు." తర్వాత నూనె చేతులు తుడుచుకుని, చొక్కా వేసుకుని మాతో ఆటో ఎక్కాడు.

బడిలో ఇప్పటి హెడ్మాస్టర్ మేడం బీరువా తీయగానే, ఏ అరలో ఏముందో సారే చెప్పాడు. ఛాత్రోపాధ్యాయుల హాజరు పుస్తకం, అంటే శిక్షణకు వచ్చిన బి.ఎడ్. వాళ్లు రోజూ సంతకం పెట్టేది, కింది అరలో దొరికింది. నస్రీన్ పేరు పక్కన సంతకాలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగే.

మిగతా ఆరు రోజుల సంగతి ఆమె చెప్పింది. కాలేజీకి తనిఖీ వస్తోందని వాళ్లందరినీ వెనక్కి పిలిపించి, బెంచీలు నిండుగా కనబడాలని కూర్చోబెట్టారు. బోర్డుకు పోయిన ఉత్తరంలో నలభై ఉంది. కనీసం కావలసిందీ నలభై.

"సార్, కాలేజీ లెక్కల నలభై ఉంది. ఆ ఆరు రోజులు గూడ శిక్షణే గద" అన్నాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది, కాశన్న గొంతుతో మాట్లాడానని.

"గవి నా బడిల కాలే బాబు. నేను చూడనిదాన్ని చూసిన అని ఎట్ల రాస్త?" అని ఆమె వైపు తిరిగాడు. "నీ ఇష్టం బిడ్డా. రాయమంటె ముప్పై నాలుగు రాస్త. వద్దంటె చాయ్ తాగి పోదాం."

ఆమె చాలాసేపు హాజరు పుస్తకం మీదనే చెయ్యి పెట్టి కూర్చుంది. బయట పిల్లలు మధ్యాహ్న భోజనానికి వరుస కడుతున్నారు.

"ముప్పై నాలుగే రాయుండ్రి సార్. వచ్చింది గన్నే రోజులు."

సారు తెల్లకాగితం తీసుకుని చేత్తో తెలుగులో రాశాడు. గంటకు పైగా పట్టింది. తేదీలు, తరగతులు, ఏ పాఠాలు తాను స్వయంగా చూశాడో అన్నీ రాశాడు. నేను పక్కనుంచి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మొదటి వారం ఈమె నల్లబల్లతో మాట్లాడేది, పిల్లల వైపు తిరిగేది కాదు. రెండో వారం నుంచి మార్చుకున్నది."

"సార్, ఇది ఒక్కటి తీసేస్తే బాగుంటది."

"తీసేస్తె ఇది నీ ఉత్తరం అయితది. నాది గాదు."



మోస్రాలో దొరికిన రికార్డు

ఇక రికార్డు. బి.ఎడ్. తెలియనివాళ్లకు చెబుతాను. ప్రాక్టీసులో చెప్పే ప్రతి పాఠానికీ పథకం రాసి, బొమ్మలు గీసి, చూసిన సారుతో అభిప్రాయం రాయించుకుని సంతకం తీసుకునే లావుపాటి నోటుబుక్కు అది. పరీక్ష అయిపోగానే దాన్ని జూనియర్‌కి ఇచ్చేయడం మన కాలేజీల్లో ఆచారం. జూనియర్ చూసి రాసుకుని తర్వాతివాళ్లకు ఇస్తాడు. బోర్డు ముందు పెట్టగలిగిన అసలైన ఆధారం ఊళ్లు తిరుగుతూ ఉంటుంది.

నస్రీన్ తన రికార్డును లావణ్య అనే జూనియర్‌కి ఇచ్చింది. లావణ్య ఇప్పుడు మోస్రాలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. ఆదివారం వాళ్లింటికి పోయాం. ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వలేదట. చెరుకు పాఠం చదివి నవ్వొచ్చి ఉంచుకుందట. అటక మీద పెట్టెలోంచి రెండు రికార్డులు తీసింది, నస్రీన్‌ది, తనది. ఏది ఎవరిదో చూసుకోవడానికి పక్కపక్కన తెరిచాం.

రెండింట్లోనూ అదే పాఠం, అవే ప్రశ్నలు, అదే చెరుకు బొమ్మ. ఆకు ఒంపు కూడా అదే.

"నువ్వు గూడ చెరుకు పట్కపోయినవా?" అని అడిగింది నస్రీన్.

లావణ్య నాలుక కరుచుకుంది. "ఏడిది నస్రీనక్కా. నీది చూసి రాసిన. మా ప్రాక్టీసప్పుడు చెరుకులు కొట్టనే లేదు."

ఒక్క చోటే తేడా ఉంది. లావణ్య పుస్తకంలో ఆ పాఠం కింద "చాలా బాగుంది" అని ఎవరో గిలికారు. ప్రతి పాఠం కిందా అదే. నస్రీన్ పుస్తకంలో గంగారాం సారు ఎర్రసిరా ఉంది: "పాఠము అర్థమైనది. ఉపకరణములు పాఠము పూర్తగువరకు ఆగలేదు. ఈసారి రెండు గడలు ఎక్కువ తేవలెను." కింద సంతకం, తేదీ. ఆ తేదీ హాజరు పుస్తకంలో ఆమె సంతకం ఉన్న రోజుతో సరిపోయింది.

ఆ రెండు పుస్తకాలు చూస్తూ కూర్చుంటే నా పద్నాలుగు వరుసలు గుర్తొచ్చాయి. లావణ్యను తప్పుపట్టే ముఖం నాకు లేదు. ఆమె ఒక పుస్తకం చూసి రాసింది, నేను మూడేళ్లు యంత్రం పెట్టి రాశాను.

నా సంతకంతో

బోర్డుకు పంపిన కట్టలో ఉన్నవి: సారు చేతిరాత ఉత్తరం, దాని ఇంగ్లీషు అనువాదం, హాజరు పుస్తకంలోని పేజీల నకళ్లు, వాటిని ధ్రువీకరిస్తూ ఇప్పటి హెడ్మాస్టర్ మేడం సంతకం, రికార్డులోంచి పన్నెండు పాఠాలు. వీటితోపాటు ఇంకొక కాగితం కావాలనిపించింది. మొదటి ఉత్తరం తయారుచేసింది నేను, ముగ్గురికీ అదే వాడింది నేను, నలభై అనే సంఖ్య ఎవరినీ అడగకుండా వేసింది నేను, అభ్యర్థులు ఆ ఉత్తరం చూడనే లేదు అని చెప్పే కాగితం.

కాశన్నకు కోపం వచ్చింది. పదకొండేళ్లలో ఆయన గొంతు పెంచడం అదొక్కసారే చూశాను. "మన దుకాణానికి మనమే తాళమేసుకుంటున్నం. రేపు ఆ బోర్డువాళ్లు మన సెంటర్ పేరు జూస్తె ఏ కాగితం ముట్టుకుంటరు?" అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. కాసేపటికి కాగితం లాక్కుని, చదవలేని ఇంగ్లీషు మీద వేలు పెట్టి, వరుసలన్నీ లెక్కపెట్టినట్టు కిందికి జరిపాడు.

"సెంటర్ పేరు తీసెయ్యి. నీ పేరు మీద పంపు. తప్పు నీదంటున్నవు గద."

అది దయతో అన్నాడో కోపంతో అన్నాడో అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడు అడిగితే "యాదికి లేదు" అంటాడు. నా పేరు, నా ఇంటి చిరునామా వేసి సంతకం పెట్టాను. అంతవరకు వందల ఉత్తరాలు రాశాను, ఒక్కదాని కింద కూడా నా సంతకం లేదు.

మిగతా ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకాయన ఆధారాలు తానే తెచ్చుకున్నాడు. రెండో అతను తాను ఏ బడికీ పోలేదని, రికార్డు ఎవరితోనో రాయించానని చెప్పాడు. అతనికి కూడా నేను "అంకితభావంతో" అని కొట్టాను. మోసం అతనిదే. కానీ నిజంగా బడికి పోయావా అని అడిగే గడి నా ఫారంలో లేదు. అతను దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు.

ఆ వారమే సెంటర్ గోడ మీద నేను అంటించి పెట్టుకున్న నమూనా ఉత్తరాన్ని తీసేశాను. దాని చోట నాలుగు ప్రశ్నలు పెట్టాను. ఇప్పటికీ ఉన్నాయి, నా చోట కూర్చున్న మీరిద్దరూ వాటిని మార్చొద్దు. ఏ బడి? మీరు చెబుతుంటే వెనక బెంచీలో కూర్చున్నది ఎవరు? మీ రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? పాడైపోయిన పాఠం ఒకటి చెప్పండి.

నాలుగోది ముఖ్యం. నిజంగా తరగతిలో నిలబడినవాళ్లు దానికి వెంటనే జవాబు చెబుతారు, చెప్పడం ఆపరు. థర్మామీటర్ పగిలింది, పటం తలకిందులుగా వేలాడదీశాను, తనిఖీ అధికారి ముందు ఏడ్చేశాను అంటారు. అన్ని పాఠాలూ బాగానే జరిగాయన్నవాళ్లతో మాత్రం జాగ్రత్తగా ఉండండి. జవాబు విన్నాక ఉత్తరం మీరు టైపు చేయొద్దు, చూసినవాళ్లను వెతికి వాళ్లతోనే రాయించండి. ఆలస్యమవుతుంది. ఒక్కో ఉత్తరానికి నాకు నాలుగు ప్రయాణాలు పట్టేవి. చాయ్ తాగి రేపు రమ్మంటే తాగి రేపు పొండి. భాష సరిగా లేకపోయినా ముట్టుకోవద్దు, అనువాదం మన పని, రాత వాళ్లది. కాశన్న భయపడినట్టు దుకాణం మూతపడలేదు. నెలకు చేసే ఫైళ్లు సగమయ్యాయి, కొన్నాళ్లకు మళ్లీ పెరిగాయి.

ఆరు రోజులు

నస్రీన్ మేడం ఆగస్టు చివర వెళ్లిపోయింది, జవాబు రాకుండానే. బడి తెరిచాక రెండో వారంలో మెయిల్ వచ్చింది. కల్పిత పత్రాలన్న అనుమానం తొలగించారు. ఉత్తరం రాసిన ఉపాధ్యాయుడు అభ్యర్థి లోపాన్ని కూడా నమోదు చేసినందువల్ల ఆ వాంగ్మూలానికి బరువు ఇస్తున్నామని రాశారు. నేను తీసేయమన్న వాక్యం అది. అయితే రోజులు ముప్పై నాలుగే కనుక తాత్కాలిక అనుమతి మాత్రమే ఇస్తున్నాం, తక్కువ పడిన ఆరు రోజులూ మా పరిశీలకురాలి సమక్షంలో బోధించాలి, అప్పుడే లైసెన్సు అని షరతు పెట్టారు.

ఎనిమిదో తరగతి అప్పటికి తాత్కాలికంగా వేరే ఆయన చేతిలో ఉంది. ఆ ఆరు రోజులు మాత్రం ఆమెకు ఇచ్చారు. గంగారాం సారుకు ఫోన్ చేసి చెప్పాను. "నల్లబల్ల దిక్కు తిరగొద్దని చెప్పు" అని పెట్టేశాడు.

ఏడో రోజు మధ్యాహ్నం నేను యూనివర్సిటీ కౌంటరు ముందు వరుసలో ఉండగా ఆమె ఫోన్ వచ్చింది. వరుసలోంచి పక్కకు వచ్చాను. అది నేను ఎప్పుడూ చేయను.

"ఇచ్చిండ్రు అన్నా" అంది. "లైసెన్సు నంబర్ గూడ వచ్చింది. సోమవారం సంది ఎనిమిదో క్లాసు నాదే. రిజిస్టర్ల నా పేరే."

ఏ పాఠం చెప్పారని అడిగాను. స్తూపం ఘనపరిమాణమేనట. అక్కడి సూపర్ మార్కెట్లో చెరుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతారట. పరిశీలకురాలు వెనక బెంచీలో కూర్చుని ఏదో రాసుకుంటోందట.

"పిల్లలు తిన్నరా?" అన్నాను.

"తినకుంట ఉంటరా? ఆమె గూడ తిన్నది." నస్రీన్ మేడం అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ఈసారి రెండు గడలు ఎక్కువ పట్కపోయిన."